కందిలి వెలుగులో నాయనమ్మ

మా అక్క పెండ్లి 1994 మే నెలలో శామీర్‌పేటలో మా యింట్లోనే జరిగింది. పెండ్లికొడుకుది మేడ్చల్. ఆ రోజుల్లో పెండ్లికి వీడియో తీయించడమంటే మాటలు కాదు. మా బాపు అప్పోసప్పో చేసి ఒకాయనను కుదిర్చాడు. భుజాన పెద్ద కెమెరా, వెనకాల లైటు పట్టుకొని నడిచే కుర్రవాడు, ఆ లైటుకు పక్కింటి నుంచి లాగిన తీగ. పెండ్లికొడుకును చూడవలసిన జనమంతా కెమెరానే చూశారు.

మగపెండ్లివారు చీకటి పడ్డాక వచ్చారు. చెరువుకట్ట దగ్గర ఎదురుకోళ్ళు. బాజాలు మోగుతున్నాయి, షర్బతు గ్లాసులు తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. లైటు ఆరింది గాని, కెమెరా బ్యాటరీ మీద నడుస్తూనే వుంది. ఆ చీకట్లో మా నాయనమ్మ కందిలి పట్టుకొని వచ్చి కెమెరా ముందు నిలబడి, "నన్ను గూడ తియ్యి కొడుకా, మల్ల వుంటనో వుండనో" అన్నది.

మరుసటి సంక్రాంతి చూడకుండానే పోయింది. ఆమెకు విడిగా ఫోటో లేదు. ఒక గుంపు ఫోటోలో, వెనక వరుసలో, కొంగు చాటున సగం ముఖం వుంది, అంతే.

అంచేత ఆ టేపు వేసినప్పుడల్లా మా యింట్లో జరిగేది ఇది: మాట స్పష్టంగా వినిపిస్తుంది, మనిషి కనిపించదు. నల్లని తెరమీద బూడిద చల్లినట్టు చుక్కలు, మధ్యలో ఒక పసుపుపచ్చ మరక. ఆ మరకే కందిలి.

అక్క కూతురు కంప్యూటరు చదువు చదివిన పిల్ల. పోయిన వేసవిలో, "మామా, సాఫ్ట్‌వేరుతో ప్రయత్నం చేద్దాం" అన్నది. నాకు నమ్మకం కలగలేదు గాని, కాదనలేదు.

మొదటి చిక్కు టేపు ఆడించే యంత్రంతోనే వచ్చింది. చివరిదాకా వి.సి.ఆర్.లు తయారుచేసిన జపాను కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆ పని మానుకున్నది. మా బావ అటకమీది పాతదాన్ని దించి, హెడ్డు శుభ్రం చేయించాడు. అదృష్టవశాత్తూ టేపుకు బూజు పట్టలేదు. బూజు పట్టినదాన్ని అలాగే వేస్తే టేపూ పోతుంది, యంత్రమూ పాడవుతుంది. ఇక కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు మేనకోడలు ఒక పట్టు పట్టింది: ఏమీ పోకుండా ఎక్కించాలట. గంట టేపుకు సుమారు ముప్ఫై గిగాబైట్లు! నేను గుండెలు బాదుకున్నాను. గాని ఆమె మాటే నిజం. వీడియోను చిన్నదిగా కుదించేటప్పుడు మొదట పోయేవి చీకట్లోని సన్నని తేడాలే. మాకు కావలసినవీ అవే.

మీకు తోచేదే నాకూ తోచింది. చీకటిగా వుంటే వెలుతురు పెంచితే సరి! పెంచాం. తెరనిండా మిణుగురుల దండు లేచింది. వెలుతురు చాలనప్పుడు కెమెరా తనకందిన కాస్త సంకేతాన్నే పెద్దది చేసుకుంటుంది. దానితోబాటు తన లోపలి రొదనూ పెద్దది చేస్తుంది. అంచేత ముందు రాళ్ళు ఏరాలి, ఆ తర్వాతనే బియ్యం కొలవాలి.

ఏరడమెట్లా? మన దేశపు వీడియోలో సెకనుకు 25 బొమ్మలు. ఒక్కొక్క బొమ్మా బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి, రెండు సగాలుగా వస్తుంది. అవిసింత్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఆ సగాలను విడదీసి, సెకనుకు 50 నిండు బొమ్మలు చేశాం. ఇక వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీయాలి. చుక్క ఈ బొమ్మలో వున్నచోట మరో బొమ్మలో వుండదు. ముఖం మాత్రం వున్నచోటనే వుంటుంది. నాలుగు బొమ్మలు కలిపితే చుక్కల జోరు సగమవుతుంది, పదహారు కలిపితే పావు. ఇప్పుడు అదే చెరువుకట్ట మీద షికారుకు వచ్చేవారు చీకట్లో సెల్‌ఫోనుతో ఫోటో తీస్తే చక్కగా పడుతున్నది చూడండి. ఆ ఫోను కూడా ఒక్క నొక్కుకు అనేక బొమ్మలు తీసి కలిపేస్తుంది.

అయితే మనిషి కదిలిందా, సగటులో దయ్యమవుతుంది. కదలికను లెక్కగట్టి సరిదిద్దే ఉపాయాలున్నాయి గాని, అంత చీకట్లో ఆ లెక్కా తప్పుతుంది. నాయనమ్మ కదలకుండా నిలబడ్డది ఆ మాట అన్న తర్వాత ఒక్క క్షణం. లెక్కపెట్టాం: ముప్ఫైరెండు బొమ్మలు.

ఈలోగా మేనల్లుడికి ఓపిక నశించింది. "ఇంత తంటా ఎందుకు మామా, కృత్రిమ మేధ వుంది" అని, రాత్రికి రాత్రే ఒక సాఫ్ట్‌వేరుకు అప్పగించాడు. తెల్లవారి చూస్తే అద్భుతం! నున్నని ముఖం, కనురెప్పల వెంట్రుకలతో సహా. అక్క కళ్ళు చెమర్చాయి. బాపును పిలిచి చూపించాం. ఎనభై దాటిన మనిషి, కళ్ళద్దాలు సవరించుకొని చాలాసేపు చూసి, "ఈమె ఎవరింటామె?" అన్నాడు.

నాయనమ్మకు గదవ మీద మూడు పచ్చబొట్టు చుక్కలుండేవి. ఆ సాఫ్ట్‌వేరు వాటిని మురికి కింద జమకట్టి తుడిచేసింది. లెక్కలేనన్ని ముఖాలు చూసి నేర్చుకున్న యంత్రమది. ఇక్కడ ఏ ముఖం వుండవచ్చునో చెప్పగలదు గాని, ఏ ముఖం వున్నదో దానికేం తెలుసు? 1957 నాటి 'మాయాబజార్'కు హైదరాబాదులో రంగులద్ది 2010లో విడుదల చేశారు. ఆ రంగులూ కల్పనే. కాని ముఖాలు ఫిల్ములో వున్నవే, రంగులు తర్వాత వేసినవని అందరికీ తెలుసు. మా యింట్లో ముఖమే కల్పన. నాయనమ్మను చూడని పిల్లలు రేపు ఆ ముఖాన్నే నమ్ముతారు. "పోనీ, అందంగా వుంది కదరా" అన్నది అక్క. ఆ మాట మీద అక్కకూ నాకూ రెండు రోజులు మాటల్లేవు.

మేనకోడలు ముప్ఫైరెండు బొమ్మల పని పూర్తిచేసి తెచ్చింది. అందం లేదు. నలుసులు ఇంకా వున్నాయి. ఎడమ చెంప చీకట్లోనే వుండిపోయింది. కందిలి వెలుగు పడనిచోట టేపులో ఏమీ లేదు, తీయడానికి. కాని గదవ మీద మూడు చుక్కలూ వున్నాయి. ముప్ఫైరెండు బొమ్మల్లోనూ వున్నచోటనే వున్నాయి కనుక నిలిచాయి.

బాపు ఈసారి ముఖం సంగతే ఎత్తలేదు. వేలు తెరమీద ఆనించి, "కందిలి గాజు పగిలింది సూడు. గా పొద్దు నేనే పలగ్గొట్టిన. మస్తు తిట్టింది" అన్నాడు. మళ్ళీ వేయమన్నాడు. అక్క కూడా వచ్చి పక్కన కూర్చున్నది.

మేనల్లుడి వీడియోను పారేయలేదు. పారేస్తే అక్క ఊరుకోదు. దాని మొదట్లో "ఇది యంత్రం ఊహించిన ముఖం" అని అక్షరాలు వేయించి వుంచాం. టేపును మొదటికి చుట్టి, మేడ్చల్‌లో అక్క బీరువాలోనే నిలువుగా పెట్టాం. ఆ పెండ్లివి ఇంకా రెండు టేపులున్నాయి. అవి అయ్యేదాకా ఆ హెడ్డు నిలవాలి.