పాత కారుకు వీల్ అలైన్‌మెంట్: కొలత కంటే ముందు తనిఖీ

కోల్‌కతా తూర్పు అంచున ఉన్న న్యూ టౌన్‌లో, విమానాశ్రయం వైపు సాగే విశ్వ బంగ్లా సరణి విశాలమైన రహదారి. ఉత్తర కోల్‌కతా ఇరుకు వీధుల్లో నిదానంగా నడిచే పాత అంబాసిడర్‌లోని లోపం ఇక్కడ వేగం పుంజుకోగానే బయటపడుతుంది. కారు ఒక పక్కకు లాగుతుంది, మలుపు దాటాక స్టీరింగ్ తనంతట తాను నేరుగా రాదు, ముందు టైర్లు ఒక అంచునే అరుగుతాయి. వీటన్నిటికీ వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే చాలునని చాలామంది భావిస్తారు. పాత కార్ల విషయంలో అది సగం నిజం మాత్రమే.

అలైన్‌మెంట్‌లో ప్రధానమైన కోణాలు మూడు. పైనుంచి చూసినప్పుడు ముందు చక్రాలు లోపలికో, వెలుపలికో తిరిగి ఉండటాన్ని ‘టో’ అంటారు. ఎదుటి నుంచి చూసినప్పుడు చక్రం పైభాగం ఏదో ఒక వైపునకు వాలి ఉండటం ‘క్యాంబర్’. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ అక్షం చుట్టూ తిరుగుతుందో, ఆ అక్షం వెనక్కు వాలి ఉండటం ‘క్యాస్టర్’. సైకిల్ ముందు ఫోర్కు వాలును గమనిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. స్టీరింగ్ తిరిగి నేరుగా రావడానికి తోడ్పడేది ఇదే.

వీటిలో టైరును త్వరగా అరగదీసేది టో. చక్రం సాగవలసిన దిశ నుంచి అర డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, ప్రతి కిలోమీటరుకూ దాదాపు 8.7 మీటర్ల మేర రోడ్డుపై అడ్డంగా ఈడ్చుకుపోతుంది.

హుగ్లీ జిల్లా ఉత్తర్‌పాడా కర్మాగారంలో తయారైన అంబాసిడర్‌కు మూలం బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఒకప్పుడు తెలుగునాట ప్రభుత్వ కార్యాలయాల ముందు బారులు తీరినవీ ఈ కార్లే. ఈ తరం కార్లలో సాధారణంగా మెకానిక్ సర్దగలిగేది టో ఒక్కటే. టై రాడ్ పొడవును మార్చి దానిని సరిచేస్తారు. క్యాంబర్, క్యాస్టర్ నిర్మాణంలోనే స్థిరపడి ఉంటాయి. అవి మారాయంటే ఏదో ఒక భాగం అరిగిందని, వంగిందని లేదా సస్పెన్షన్ కుంగిందని అర్థం.

అందుకే తనిఖీకి ఒక వరుస అవసరం. మొదట టైర్లలో గాలి సరిచూడాలి. తర్వాత కారు ముందుభాగం రెండు వైపులా సమాన ఎత్తులో ఉందో లేదో కొలవాలి. ఆపై కారును జాకీపై లేపి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కదపాలి. వదులుగా ఉంటే బేరింగ్‌లోనో, చక్రాన్ని మోసే జాయింట్లలోనో అరుగుదల ఉన్నట్టు. ఎడమ, కుడి అంచులు పట్టుకుని కదిపినప్పుడు వదులు కనిపిస్తే టై రాడ్ చివరలను అనుమానించాలి. ఈ లోపాలు సరిచేశాకే టో సర్దాలి. అలైన్‌మెంట్ యంత్రం నిలిచి ఉన్న కారును కొలుస్తుంది. జాయింటు వదులుగా ఉంటే, యంత్రంపై సరిగా చూపిన కోణం రోడ్డుపై మొదటి గుంతకే మారిపోతుంది.

కారు పక్కకు లాగిన ప్రతిసారీ తప్పు అలైన్‌మెంట్‌దే కాదు. వాన నీరు పోయేందుకు రోడ్డును అంచు వైపు వాలుగా వేస్తారు కనుక, ఎడమకు స్వల్పంగా జరగడం సహజం. ముందు టైర్లను అటుదిటు మార్చినప్పుడు లాగే దిశ కూడా మారితే, లోపం టైరులోనే ఉన్నట్టు. బ్రేకు వేసినప్పుడు మాత్రమే లాగితే ముందుగా బ్రేకులు చూపించాలి.

అంబాసిడర్ తయారీ 2014 మేలో నిలిచిపోయింది. 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలపై 2008లో కలకత్తా హైకోర్టు ఉత్తర్వు ఇచ్చిన నాటి నుంచి పాత పసుపు టాక్సీలు క్రమంగా తప్పుకుంటున్నాయి. చివరి ఏడాది కార్లకు సైతం 2029 నాటికి 15 ఏళ్లు నిండుతాయి. సొంత కార్లకు మాత్రం 15 ఏళ్ల తర్వాత, తనిఖీలో నెగ్గితే, రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్ల చొప్పున పునరుద్ధరించే వీలుంది. అలాంటి కారు యజమాని కొత్త టైర్లు కొనే ముందు ముందు చక్రాల జాయింట్లను పరీక్ష చేయించడం మేలు. లేకుంటే కొత్త టైర్లు కూడా పాతవాటి మాదిరిగానే ఒక అంచున అరిగిపోతాయి.