క్లిక్కుమనే పీట, మూసిన పెట్టె

అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ యోధుడు. కాళ్ల కింద గుండ్రటి పీట, పీటకు ఓ చిన్న కిటికీ. ఎంత దూరం నడవగలడు, ఎంత గురిగా కొట్టగలడు, దెబ్బను ఎంతవరకు కాచుకోగలడు, తన దెబ్బకు ఎదుటివాడికి ఎంత నష్టం... అన్నీ అందులో అంకెలుగా కనిపిస్తాయి. దెబ్బ తగిలితే పీటను ఒక మెట్టు తిప్పాలి. క్లిక్‌మంటుంది, అంకెలు మారతాయి. దెబ్బలు పడేకొద్దీ వాడు నీరసించి, చివరికి కిటికీలో పుర్రె గుర్తులు వస్తాయి. ఇక బల్ల మీంచి తీసేయడమే.

2000లో అమెరికాలో జోర్డన్ వైస్‌మన్ స్థాపించిన విజ్‌కిడ్స్ సంస్థ ‘మేజ్ నైట్’ ఆటతో ఈ పీటను తెచ్చింది. అంతకుముందు 1984లో ఆయన చెయ్యి పడ్డ ‘బాటిల్‌టెక్’లో ఒక్కో మరమనిషికి ఒక్కో కాగితం పెట్టుకుని, తగిలిన ప్రతి దెబ్బకూ పెన్సిల్‌తో గడి నింపాలి. ఆ కాగితం పనంతా పీటలోకి దిగిపోయింది. ఉన్నవి రెండు బిళ్లలే: కింది దాని మీద అంకెలు, పైదానికి కిటికీ. బ్యాటరీ లేదు, తీగ లేదు. అయినా యోధుడి ఒంట్లో ఎంత సత్తువ మిగిలిందో అది మరిచిపోదు. కొందరికి మధ్యలో అంకెలు పెరుగుతాయి కూడా, గాయపడ్డవాడికి రోషం వచ్చినట్టు! నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన ఊహ ఇదే.

పైగా రంగులు వేసే శ్రమ లేదు, వేసే ఉంటాయి. 2002లో ఇదే పీటతో, మార్వెల్ కామిక్స్ వీరుల బొమ్మలతో ‘హీరోక్లిక్స్’ ఆట వచ్చింది.

చిక్కల్లా పెట్టెతోనే. 1993 నాటి ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ పేకముక్కల పద్ధతిలో వీటినీ మూసి అమ్మారు. లోపల ఎవరున్నారో విప్పితేగాని తెలియదు. తొలి హీరోక్లిక్స్‌లోనైతే ఒకే వీరుడు పసుపు, నీలం, ఎరుపు వలయాలతో మూడు స్థాయిల్లో ఉండేవాడు.

లెక్క చూద్దాం. 20 రకాలున్నాయి, అన్నీ సమానంగానే దొరుకుతాయి అనుకోండి. మొదట్లో దాదాపు ప్రతి బొమ్మా కొత్తదే. 19 చేతికొచ్చాక మిగిలిన ఆ ఒక్కదానికోసమే సగటున మరో 20 కొనాలి. మొత్తం పూర్తికావడానికి సగటున 72 బొమ్మలు! అరుదైనవాటిని కావాలనే తక్కువ పెడతారు కాబట్టి అసలు ఖర్చు ఇంతకన్నా ఎక్కువే. ఎప్పుడు దక్కుతుందో తెలియని బహుమతి మనిషిని మళ్లీ మళ్లీ లాగుతుందని మనస్తత్వ శాస్త్రం ఏనాడో చెప్పింది. పిల్లల చేతి డబ్బును అలా లాగడం నాకు నచ్చదు.

విజ్‌కిడ్స్‌ను 2003లో టాప్స్ సంస్థ కొంది, 2008లో మూసేసింది. మరుసటి ఏడాది నెకా సంస్థ మళ్లీ నిలబెట్టింది. పీట బతికింది, దాంతోపాటు మూసిన పెట్టె కూడా.

కాబట్టి ఆట కోసం కొనేవారు ఏ బొమ్మలున్నాయో పైన రాసిన స్టార్టర్ పెట్టె కొనండి. ఫలానా వీరుడే కావాలంటే విడిగా అమ్మేవారి దగ్గర అడగండి. మూసిన పెట్టెను మాత్రం, లోపల ఏది వచ్చినా సంతోషమే అనుకున్నప్పుడే కొనండి.