కుంకుమ అంటిన వేళ్లు

రేపటినుంచి నీకు వార్డు డ్యూటీ కదా బిడ్డా, ఆ బ్యాగు పక్కనపెట్టి ఇలా కూర్చో.

మొన్న రాములవారి గుడిలో కుంకుమ పెట్టుకున్నాక గోదావరి మెట్ల మీద చెయ్యి ముంచి కడిగేశానన్నావు. ఇంటికొచ్చేసరికి తలుపు గడియకు ఎరుపు, మంచినీళ్ల గ్లాసుకు ఎరుపు, తమ్ముడి బుగ్గకూ ఎరుపే! నీ అరచెయ్యి చూస్తే శుభ్రంగానే ఉంది. గోళ్ల సందుల్లో, వేళ్ల మధ్య, బొటనవేలి చుట్టూ మాత్రం మిగిలిపోయింది. ఆసుపత్రుల్లో హడావిడిగా కడిగినప్పుడు తప్పిపోయేదీ ఆ చోట్లే. సూక్ష్మజీవులకు కుంకుమ రంగు లేకపోవడమే మన కర్మ.

1847లో వియన్నాలో సెమ్మెల్‌వైజ్ అనే డాక్టరుకు ఆ కనపడని ఎరుపు తట్టింది. శవాలు కోసిన చేతులతోనే డాక్టర్లు పురుళ్ల వార్డుకు వచ్చేవారు. మంత్రసానులు చూసే వార్డులో చావులు తక్కువ, వీళ్ల వార్డులో ఎక్కువ. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కుంటే తప్ప లోపలికి రానివ్వనన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు పోయిన వార్డులో జూన్ నాటికి ఆ లెక్క రెండుకు దిగింది. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. తమ చేతులే తల్లుల్ని చంపాయంటే ఎవరికి మింగుడుపడుతుంది? 1865లో, 47 ఏళ్లకే, ఆయన పిచ్చాసుపత్రిలో కన్నుమూశాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది.

సబ్బు చేసే పని చూడు. దాని అణువుకు ఒక కొస నీళ్లను ఇష్టపడుతుంది, రెండో కొస కొవ్వును పట్టుకుంటుంది. జిడ్డుతోపాటు క్రిముల్ని ఊడబెరికి నీళ్లలోకి లాగేస్తుంది. కొవ్వు పొర కప్పుకున్న వైరస్‌లైతే ఆ పొర చిరిగి చచ్చిపోతాయి. అందుకే మొత్తం కడుగుడుకు 40 నుంచి 60 సెకన్లు కావాలంటారు. శానిటైజరైతే 20, 30 సెకన్లు చాలు, కానీ చేతికి మురికో రక్తమో అంటితే సబ్బే దిక్కు.

వానాకాలంలో చర్ల, దుమ్ముగూడెం నుంచీ, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచీ జ్వరాలతో జనం భద్రాచలం వస్తారు. మంచాలు నిండిపోతాయి. రోగిని ముట్టే ముందూ, ముట్టాకా కడగడం అందరికీ గుర్తుంటుంది. సెలైన్ స్టాండు జరిపి, మంచం కమ్మీ పట్టుకుని, దుప్పటి సర్ది పక్క మంచానికి వెళ్తావు చూడు, అక్కడ మర్చిపోతారు. రోగిని ముట్టలేదు కదా అనిపిస్తుంది! గ్లౌజులున్నా అంతే. మంచం మారితే గ్లౌజూ మారాలి, విప్పాక చెయ్యి కడగాలి.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకు తల్లీ, నేరుగా తెల్ల డబ్బాలో వెయ్యి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతుకుతుంది. దానికి నీ మూడో టీకా ఆరో నెలలో వేయించుకోవాలి, తేదీ రాసి పెట్టుకున్నావా?

ఇంకొకటి. ఆ ఉంగరం తీసి ఇంట్లోనే పెట్టు, దాని కింద సబ్బు చేరదు. నాన్నమ్మ ముచ్చటపడి చేయించిందని వెనకాడకు, ఆమెకు నేను చెప్తాలే.