పాత కూర్పా, క్రొత్త కూర్పా?
ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆటలను గూర్చి

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అను కంప్యూటరు ఆట మొదటిసారి 1997లో వెలువడినది. ఆ పేరుతోనే రెండవ ఆట 1999లోను, మూడవది 2005లోను, నాలుగవది 2021లోను వచ్చినవి. ఇవి గాక మొదటి మూడింటికిని మెరుగుపెట్టిన క్రొత్త కూర్పులు 2018, 2019, 2020 సంవత్సరములలో వరుసగా వెలువడినవి. సాధారణముగా పుస్తకమునకు సవరించిన ముద్రణ రాగానే పాతదానిని అడుగువారు తగ్గుదురు. ఈ ఆటల సంగతి అట్లు లేదు. పాతదియు క్రొత్తదియు ప్రక్కప్రక్కనే నడచుచున్నవి. ఆడువారును పక్షములుగా చీలి వాదులాడుకొనుచున్నారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును, దాని నానుకొనియున్న తార్నాకయు ఇట్టి వాదములకు అనువైన చోట్లు. 1929లో నెలకొన్న ఇంజనీరింగు కళాశాల యొకవైపు, 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనము మరియొకవైపు. నడుమ వసతిగృహములు, వాని వెలుపల అద్దెగదులు. ఒక గదిలో నలుగురు విద్యార్థులుందురు. వారి నడుమ మంచి కంప్యూటరు ఒకటి యుండిన ఉండును. కాపురముండు ఇండ్లలోను పరిస్థితి ఇంచుమించు ఇదియే. తండ్రిగారి లెక్కలకు, అమ్మాయి పాఠములకు, అబ్బాయి ఆటకు ఒకే యంత్రము. కనుక ఏ ఆట కొనవలెనను ప్రశ్నతో డబ్బును, సాయంకాలములును, ఇంటిలోని ఆ ఒక్క యంత్రమును ముడిపడియున్నవి. పిల్లలడిగినప్పుడు పెద్దలు “ఏదో యొకటి కొనుక్కో” యని త్రోసివేయుట కంటె, వానిలోని భేదమేమో కొంత తెలిసికొనుట మేలని నా యభిప్రాయము.

ఆట తెలియనివారికై రెండవదాని నడకను కొంచెము వివరించెదను. తక్కినవాని సంగతి దానినిబట్టియే బోధపడును. ఆటగానికి మొదట లభించునవి ఒక ఊరిచావడి, ముగ్గురు పల్లెవాండ్రు, ఒక గుర్రపు వేగులవాడు. పల్లెవాండ్రు ఆహారము, కలప, బంగారము, రాయి అను నాలుగింటిని కూడబెట్టుదురు. క్రొత్త పల్లెవాడు ఒకడు రావలెనన్న 50 పాళ్ళ ఆహారమును, ఆటలోని గడియారము ప్రకారము 25 సెకండ్ల కాలమును వెచ్చింపవలెను. అంధయుగము నుండి సామంతుల యుగమునకు పోవుటకు 500 పాళ్ళ ఆహారము కావలెను. అటనుండి కోటల యుగమునకు 800 ఆహారము, 200 బంగారము. కడపటిదగు సామ్రాజ్యయుగమునకు 1000 ఆహారము, 800 బంగారము. ఉన్నదానితో మరికొందరు పల్లెవాండ్రను పెంచుకొనుటా, యుగము మారుటకు దాచుటా, లేక శత్రువు రాకముందే సైనికులను తెచ్చుకొనుటా? గింజలను విత్తనమునకు ఉంచవలెనా, అమ్మి అప్పు తీర్చవలెనా యని రైతు తలపోయుటయు ఇట్టిదే. ఆట యంతయు ఈ తలపోతయే.

యుద్ధము వచ్చునప్పటికి లెక్క మరియొక రీతిగా నుండును. బల్లెగాడు రౌతును నిలుపును. విలుకాడు బల్లెగానిని దూరమునుండియే కూల్చును. రౌతు విలుకానిపైకి దూసికొనిపోవును. ఎదిరి ఏ దళమును కూర్చుకొనుచున్నాడో వేగులవానిచేత ముందుగా కనుగొనినవానికి సగము గెలుపు సిద్ధించినట్లే.

ఇక మొదటి ఆటను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అందులో ప్రాకారము కట్టవచ్చును గాని దానికి తలుపు లేదు! తనవారు పోవుటకు సందు విడిచినచో శత్రువును ఆ సందునుండియే వచ్చును. ఒక సైనికుడు తయారగువరకు కాచుకొని మరల మీట నొక్కవలసియుండెను; 1998లో వచ్చిన రైజ్ ఆఫ్ రోమ్ అను అనుబంధము ఈ బాధను తీర్చినది. ఎదుటి సైనికుని తన పక్షమునకు త్రిప్పుకొను పూజారి చేయు “వొలొలో” యను ధ్వని మాత్రము ఆడినవారి చెవులలో నిలిచిపోయినది. 2022లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ కోటలో జరిగిన ఒక పోటీకి ఆ ధ్వనియే పేరైనది. ఆ పోటీలో మొదటి, రెండవ, నాలుగవ ఆటలు మూడింటిని ఆడించిరి. పాతవాటికి పట్టింపు ఎంత యున్నదో దీనినిబట్టి ఊహింపవచ్చును.

రెండవ ఆటకు తలుపులు వచ్చినవి. సేనలు వరుసలు తీరుట వచ్చినది. పనిలేక నిలిచియున్న పల్లెవానిని చూపు మీట వచ్చినది. 2000లో కాంకరర్స్ అను అనుబంధముతో రాజ్యముల సంఖ్య 13 నుండి 18కి పెరిగినది. ఈ ఆటలను రూపొందించిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్ సంస్థను మైక్రోసాఫ్టువారు 2009లో మూసివేసిరి. ఇక ఈ ఆట కథ ముగిసినదని తలచినవారు పలువురు. కాని కొందరు అభిమానులు తమంత తాముగా క్రొత్త రాజ్యములను చేర్చి 2012లో ఒక అనుబంధమును వెలువరించిరి. మరుసటి సంవత్సరమే అది అధికారికమైన అనుబంధముగా మారినది. ఆ అభిమానుల బృందమే తరువాత 2019 నాటి డెఫినిటివ్ ఎడిషన్ నిర్మాణములో పాలుపంచుకొన్నది. ఆడువారే ఆటను బ్రతికించుకొనిన యుదాహరణములు ఎక్కువగా లేవు.

1999 నాటి ఆటకును 2019 నాటి కూర్పునకును మూలసూత్రములలో భేదము లేదు. పైన చెప్పిన ఆహారపు లెక్కలు నేటికిని అవియే. మారినది సౌకర్యము. పాతదానిలో పొలము పంట ముగియగానే మరల విత్తుటకు ఆటగాడే పూనుకొనవలెను. క్రొత్తదానిలో ఆ పని దానంతట అది జరుగునట్లు ఏర్పరచుకొనవచ్చును. చిత్రములు స్పష్టముగా నున్నవి. అయితే అందుకు తగిన యంత్రము కావలెను. 1999 నాటి ఆటకు 32 మెగాబైట్ల జ్ఞాపకశక్తి చాలియుండెను. 2019 నాటి కూర్పునకు గిగాబైట్లే కావలసివచ్చినది. పాతదానిని వసతిగృహములో ఒక తీగతో కంప్యూటర్లను కలిపి, బయటి ఇంటర్నెట్టుతో పనిలేకయే ఆడవచ్చును. ఇంటర్నెట్టు కుంటుపడు గదులలో నుండువారికి ఇది చిన్న విషయము కాదు.

మనకు ప్రత్యేకముగా ఆసక్తి కలిగించు విషయము ఒకటి కలదు. 2022 ఏప్రిలులో రెండవ ఆటకు డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అను అనుబంధము వచ్చినది. అంతకుముందు ఇండియన్లు అను ఒకే పేరుతో నున్నవారిని హిందుస్తానీలుగా మార్చి, వంగీయులను, గుర్జరులను, ద్రావిడులను వేరువేరుగా చేర్చిరి. ద్రావిడులలో చోళులతోపాటు మన కాకతీయులను కూడ భావించుకొనవలెను. కాని ఆ సైనికులు పలుకునది తమిళము. ఓరుగల్లు రాజ్యమును ఊహించుకొని ఆడు తెలుగువానికి ఇది కొంత వెలితియే. ఆ వెలితిని తీర్చు సంగతి ఒకటి అందే యున్నది. ద్రావిడుల కోటలో సంపాదింపగల విద్యకు “వూట్జ్ స్టీల్” అని పేరు. దానిని సాధించినచో ద్రావిడ పదాతుల కత్తివేటుకు ఎదుటివాని కవచము అడ్డుపడదు. వూట్జ్ అను మాట మన “ఉక్కు” నుండి పుట్టినదని పెద్దలు చెప్పుదురు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఆ ఉక్కునకు పేరుపొందిన గ్రామము. అచ్చటి ముద్దలను కొనుటకు పారశీక వర్తకులు వచ్చుచుండిరని హెన్రీ వాయ్సీ వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయినది. ఆట ఆడిన కుఱ్ఱవానికి ఈ సంగతి చెప్పి, ఒక సెలవునాడు కోనసముద్రము చూపించిన తండ్రి ఆట ధరను రాబట్టుకొనినట్లే.

ద్రావిడులకు భారీ అశ్వదళము లేకుండుటను కొందరు లోపముగా నెంచుదురు. మేలుజాతి గుర్రములు మన ప్రాంతమునకు పెక్కు సముద్రము మీదుగా వచ్చినవే. తుపానున చిక్కిన ఓడలలోని ఏనుగులను, గుర్రములను, బంగారమును పూర్వపు రాజులు లాగుకొనుచుండిరనియు, తాను సుంకము తప్ప మరేమియు తీసికొనననియు గణపతిదేవుడు 1244 నాటి మోటుపల్లి అభయశాసనమున ప్రకటించెను. దిగుమతి సరుకు కొరతగానే యుండును గదా. ఆ ఏర్పాటు పూర్తిగా అసంగతము కాదు.

మూడవ ఆట మార్గము వేరు. ఇందులో రాయి లేదు. పల్లెవాండ్రు తెచ్చినదానిని కొట్టునకు మోయనక్కరలేదు. స్వదేశములోని నగరము నుండి అప్పుడప్పుడు సామగ్రి పంపబడును. 2007లో వచ్చిన ఏషియన్ డైనాస్టీస్ అనుబంధములో భారతీయులు చేరిరి. యుగము మారుటకు వీరు అద్భుత కట్టడములను నిర్మింపవలెను. ఆగ్రా కోట, తాజ్‌మహలులతోపాటు అందులో చార్మినారు కలదు! 1591లో కట్టిన ఆ కట్టడమునకు ఆటలో “చార్మినార్ గేట్” అని పేరుపెట్టి, అందునుండి మన్సబ్‌దారులను బయటికి పంపుదురు. తార్నాకలో బస్సెక్కిన చూచి రాగల కట్టడమును సైనికులను తయారుచేయు చావడిగా చూచుట హైదరాబాదువారికి నవ్వు తెప్పించును. అయినను మూడవ ఆటను మొదటి కొనుగోలుగా నేను సూచింపను. సామగ్రి పంపు చీట్ల వ్యవహారమును నేర్చుకొనుటకే కొన్ని వారములు పట్టును. రెండవదానిలో సంపాదించిన అలవాటు ఇచ్చట సగమే పనికివచ్చును.

నాలుగవ ఆటను కెనడాలోని రెలిక్ సంస్థవారు ముఖ్యముగా నిర్మించిరి. ఇది తిరిగి మధ్యయుగమునకు వచ్చినది. మొదట ఎనిమిది రాజ్యములే యుండినను, ఒకదాని నడకకును మరియొకదాని నడకకును పోలిక తక్కువ. ఢిల్లీ సుల్తానులకు విద్యలన్నియు వెలలేకయే లభించును, కాని మిక్కిలి ఆలస్యముగా. మసీదులలో పండితులను నిలిపినకొలది వేగము హెచ్చును. 1323లో ఓరుగల్లును పట్టుకొని ప్రతాపరుద్రుని బందీగా గొనిపోయినది ఈ ఢిల్లీవారి సేనయే. చరిత్ర చదివిన తెలుగు పిల్లవాడు ఆ పక్షమున ఆడుచు ఏమనుకొనునో! ఈ ఆటకు 50 గిగాబైట్ల చోటును, తక్కువలో తక్కువ 8 గిగాబైట్ల జ్ఞాపకశక్తియు కావలెనని వెలువడిననాడే ప్రకటించిరి. పాత ల్యాప్‌టాపు గలవారు ముందుగా ఈ సంగతి సరిచూచుకొనవలెను. ఆట కొని, అది నడవక, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయి అదనపు భాగములు కొనుట వలన ఖర్చు రెట్టింపగును.

పాతది నేర్చినవాడు క్రొత్తదానిలో వెనుకబడునేమో యను భయము పిల్లలలో గలదు. దీనికి చదరంగము నుండి సమాధానము చెప్పవచ్చును. మన దేశవాళీ పద్ధతిలో బంటు మొదటి ఎత్తులోను ఒక్క గడియే నడచును. రాజు ఒకసారి గుర్రమువలె దుముకవచ్చును. చివరి గడి చేరిన బంటు ఆ నిలువు వరుసకు చెందిన బలముగా మారును. పంజాబునకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ ఈ పద్ధతిలోనే పెరిగి, పిదప అంతర్జాతీయ నియమములు నేర్చి, 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు విజేత యయ్యెను. ప్రపంచవిజేతగా నుండిన కాపబ్లాంకాను సైతము ఓడించెను. ఆరంభపు ఎత్తులలో ఆయనకు కొరత యుండెను. నడిమి ఆటలోని చూపు మాత్రము చెక్కుచెదరలేదు. ఈ ఆటలయందును అంతే. మొదటి పది నిమిషముల క్రమము ప్రతి కూర్పునకును మరల నేర్చుకొనవలసినదే. ఎదిరి ఉద్దేశమును పసికట్టు నేర్పు ఒకచోట అలవడినచో మరియొకచోటికి వెంట వచ్చును.

కాబట్టి నన్నడిగినచో, యంత్రము ఓర్చుకొనినంతవరకు రెండవ ఆట 2019 కూర్పునే మొదట కొనవలెను. ద్రావిడులు గల అనుబంధము వేరుగా అమ్మబడును. దానిని ఒక నెల ఆగి, ఆసక్తి నిలిచినదని తెలిసిన పిమ్మట కొనవచ్చును. యంత్రము మరీ పాతదైనచో పాత కూర్పు చాలును. అందువలన పోగొట్టుకొనునది కొంత సౌకర్యము మాత్రమే. నాలుగవదానిని బలమైన యంత్రమున్నవారు, రెండవది ఆడి విసిగినవారు తీసికొనవచ్చును.

తల్లిదండ్రులకు ఒక సంగతి విన్నవించెదను. ఇతరులతో కలిసి ఆడు పందెము సాధారణముగా అరగంట మొదలు గంట వరకు సాగును. నడుమ లేచిపోయినచో జట్టువారు నష్టపోవుదురు. అన్నమునకు పిలిచినప్పుడు “ఒక్క నిమిషము” అనుట అవిధేయత కాకపోవచ్చును. ఒంటరిగా ఆడు చారిత్రక ఘట్టములను మాత్రము ఎక్కడనైనను నిలిపి, భద్రపరచి, మరునాడు కొనసాగింపవచ్చును. పరీక్షల దినములలో పిల్లలను రెండవ విధమునకే పరిమితము చేయుట ఉభయులకును సుఖము. క్రొత్తగా ఆడువారు స్కాట్లండు వీరుడు విలియం వాలెస్ ఘట్టములతో ప్రారంభింపవచ్చును. అవి ఆట నేర్పుటకే కూర్చబడినవి. అనుబంధము కొనినవారు పిదప రాజేంద్ర చోళుని ఘట్టమునకు పోవుదురు గాక. వేంగిలో నన్నయ నాదరించిన రాజరాజనరేంద్రునకు ఆయన మేనమామయే.