గదితో కుదిరితేనే బేస్ కుదురుతుంది

కొత్త హోమ్ థియేటర్ ఇంటికి రాగానే చాలామంది సబ్‌వూఫర్‌ని టీవీ పక్కన ఖాళీగా ఉన్న మూలలోకి నెట్టేస్తారు. మొదటి ఫైటుకే బీరువా అద్దాలు గలగలలాడతాయి. ‘అబ్బ, ఏం బేస్!’ అనుకుంటారు. వారం తిరిగేసరికి విసుగు మొదలవుతుంది. మాటలు స్పష్టంగా వినపడవు, ఏ పాట పెట్టినా ఒకే రకంగా బొయ్‌మంటుంది. డబ్బా మంచిది కాదేమోనన్న అనుమానం వస్తుంది. చాలాసార్లు లోపం డబ్బాది కాదు, దాన్ని పెట్టిన చోటుది.

మా హాల్లోనూ ఇదే జరిగింది. సోఫాలో కూర్చున్న నాకు బేస్ చప్పగా ఉండేది. వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆవిడకి మాత్రం చెవులు అదిరిపోయేవి. గది ఒకటే, పాటా ఒకటే!

కారణం ధ్వని తరంగాల పొడవులో ఉంది. మన చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుంది. అందులో అట్టడుగున, సుమారు 20 నుంచి 120 దాకా, సబ్‌వూఫర్ పని. 40 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 28 అడుగులు. మన హాలేమో 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. అంత పెద్ద తరంగం గోడకి తగిలి వెనక్కి వచ్చి, ఎదురొచ్చే తరంగంతో కలుస్తుంది. ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు బేస్‌ని పెద్దగా పీల్చుకోవు, వచ్చినదాన్ని వచ్చినట్టే తిప్పి పంపుతాయి.

నీళ్ల తొట్టిలో చెయ్యి పెట్టి లయగా అటూ ఇటూ ఊపి చూడండి. రెండు అంచుల దగ్గర నీళ్లు ఎగసిపడతాయి, సరిగ్గా నడిమధ్యన మట్టం దాదాపు కదలదు. గదిలో బేస్ కూడా అంతే. 15 అడుగుల పొడవున్న గదిలో 37 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగుల వెడల్పుకి 47 హెర్ట్జ్ దగ్గర ఈ ఊపు వస్తుంది. ఆ స్వరాలు గోడల వద్ద ఉబ్బుతాయి, మధ్యలో మాయమవుతాయి. అందుకే సోఫాని గోడకి ఆనించకూడదు, గది నడిబొడ్డునా వేయకూడదు.

మరి సబ్‌వూఫర్ ఎక్కడ పెట్టాలి? దీనికి పైసా ఖర్చులేని పద్ధతి ఒకటుంది. సోఫా జరిపి, మీరు కూర్చునే చోట సబ్‌వూఫర్‌ని పెట్టండి. బేస్ గిటారో, తబలా డగ్గానో బాగా పలికే పాట ఒకటి మళ్లీ మళ్లీ మోగనివ్వండి. చెవి డబ్బా ఎత్తులో ఉండేలా వంగి, గోడల వెంబడి నెమ్మదిగా పాకుతూ వినండి. ఒక చోట గుబగుబమంటుంది, ఇంకోచోట పల్చబడుతుంది. ప్రతి స్వరమూ సమానంగా, విడివిడిగా వినిపించిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. డబ్బాని అక్కడికి మార్చి, సోఫాని యథాస్థానానికి తెండి. ధ్వని ఇటునుంచి అటు వెళ్లినా, అటునుంచి ఇటు వచ్చినా గది దాన్ని ఒకేలా మారుస్తుంది కాబట్టి ఈ చిట్కా పనిచేస్తుంది.

చోటు కుదిరాక మీటల పని తేలిక. స్పీకర్లన్నిటికీ ధ్వని పంచే రిసీవర్ నుంచి ఒకే కేబుల్‌ని సబ్‌వూఫర్ వెనక ఎల్ఎఫ్ఈ అని రాసిన రంధ్రంలో పెట్టండి. ఏ స్వరం దాకా సబ్‌వూఫర్ పలకాలో తేల్చేది క్రాసోవర్. డబ్బా మీది ఆ మీటని చివరిదాకా తిప్పి, ఆ లెక్క రిసీవర్‌కే వదిలేయండి. రెండుచోట్లా కోత పెడితే కొంత ధ్వని మధ్యలోనే పోతుంది. రిసీవర్‌లో మిగతా స్పీకర్లను ‘స్మాల్’ అని ఎంచుకుని, క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. అరచేతిలో ఇమిడే చిన్న స్పీకర్లయితే 100 నుంచి 120 మేలు. సబ్‌వూఫర్ తరంగాన్ని మిగతా స్పీకర్ల తరంగంతో జత కలిపే ఫేజ్ స్విచ్‌కి ఇద్దరు కావాలి: మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరిని 0 నుంచి 180కి మార్చమనండి. ఎటు పెడితే బేస్ నిండుగా వినిపిస్తుందో అటే ఉంచండి.

రిసీవర్‌తో వచ్చిన మైకుతో కొలత తీయించడం చివరి మెట్టు. అది ఉబ్బిన స్వరాలను తగ్గించగలదు. మాయమైన స్వరాన్ని మాత్రం తేలేదు. వాల్యూమ్ ఎంత పెంచినా అదే కథ. అందుకే చోటు ముందు, మీటలు తర్వాత.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే డబ్బా కింద దళసరి రబ్బరు మెత్త వేయండి. నేలలోకి దిగే అదురు కొంత తగ్గుతుంది. గాలిలో వెళ్లే మోత మాత్రం ఆగదు, కాబట్టి రాత్రివేళ కింది ఇంటివాళ్ల నిద్ర గుర్తుపెట్టుకుని సౌండ్ తగ్గించాలి.

మా డబ్బా చివరికి మూలలో కాదు, పక్కగోడ మధ్యలో, పూలకుండీ ఉన్న చోట కుదిరింది. కుండీ వరండాలోకి వెళ్లింది. ఇప్పుడు డగ్గా మీద మణికట్టు జారుతుంటే ఆ సాగుదల కూడా సోఫాలోకి వినిపిస్తోంది. గుమ్మం దగ్గర మా ఆవిడకి ఇప్పుడు చెవులు అదరడం లేదు.