ఫించి పిట్టల గదిలో ఏ మొక్క పెట్టాలి, గూటికి ఏ పీచు వేయాలి



పెరటిలో జాలీ గది కట్టి జీబ్రా ఫించి పిట్టలను పెంచేవారున్నారు. ఇది ఆస్ట్రేలియా పిట్ట. తూస్తే పన్నెండు గ్రాములకు అటూ ఇటూగా వుంటుంది. ఇంత చిన్న ప్రాణికి విషం ఎంత కావాలి చెప్పండి? ఆకుముక్క చాలు. ముందుగా ఒక మాట. మన చేలల్లో తిరిగే మునియా పిట్టలను పట్టడం, అమ్మడం, పంజరంలో వుంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వలవేసి తెచ్చినవాని దగ్గర కొనకండి.

ఇక మొక్కలు. ఫించి ఊరుకునే పిట్ట కాదు, కనబడిన ఆకునల్లా కొరికి చూస్తుంది. గన్నేరు, పచ్చగన్నేరు గది దరిదాపుల్లో వుండరాదు. గన్నేరులో ఆకు, పువ్వు, బెరడు అన్నీ విషమే. ఆకు ఎండినా విషం పోదు. అందుకని కంచెకు గన్నేరు నాటినవారు గాలికి రాలే ఆకు జాలీలో పడకుండా చూచుకోవాలి. ఉమ్మెత్త, ఆముదం, గురివింద, జిల్లేడు, పాలుగారే జెముడు ఇవి కూడా వద్దు. లేత జొన్న మొలక పశువుకే ముప్పు అని మీకు తెలిసిందే. పిట్టకు అసలు వేయవద్దు.

మరి ఏవి పెట్టాలి? గరిక, సజ్జ, కొర్ర, వెదురు, మందార. సజ్జ, కొర్ర గింజలు రెండు మూడు మట్టిమూకుళ్ళలో చల్లి, మొలిచిన కొద్దీ మార్చిమార్చి లోపల పెట్టండి. కొర్రకంకిని కాడతో సహా వేలాడదీస్తే వాటికి పండుగే. పంజరపు పిట్టలకని అంగళ్ళలో అమ్మే కంకి ఈ కొర్రకంకే, మీ చేలో వుండగా కొనడమెందుకు? వాలడానికి జామకొమ్మ మంచిది. ఏదైనా సరే, పురుగుమందు కొట్టిన చేనిది మాత్రం కాకూడదు.

ఇక్కడే రైతు ఇంట పెద్ద ప్రమాదం వున్నది. విత్తగా మిగిలిన, మందు పట్టించిన రంగు గింజను పారవేయడం ఎందుకని పిట్టలకు వేస్తారు. కడిగినా ఆ మందు పూర్తిగా పోదు. విస్తరణ కార్యకర్తలు ఈ సంగతి ఇంటింటా చెప్పాలి.

గూటికి అయిదంగుళాల చతురపు కర్రపెట్టె చాలు. లోపల వేయడానికి ఎండుగడ్డి, కొబ్బరిపీచు, వట్టివేరు పనికివస్తాయి. పీచును రెండు మూడంగుళాల ముక్కలుగా కత్తిరించండి. కుట్టుదారం, నైలాన్ పోగు, దూది, తలవెంట్రుకలు వేయకండి. పోగు కాలికి చుట్టుకుంటే బిగుసుకుని నెత్తురు ఆడక వేలు ఎండి రాలిపోతుంది. కొన్నిసార్లు పిల్ల గూటిలోనే వేలాడి చస్తుంది. బూజు వాసన కొట్టే గడ్డి వద్దు, ఆ బూజు పిట్ట ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. వానలో తడిసిన వాము గడ్డిని ఎంత ఎండబెట్టినా దీనికి వాడకండి.

మగపిట్టకు గూడు కట్టే పిచ్చి ఎక్కువ. గడ్డి వేస్తూ వుంటే గుడ్లమీద కూడా పరిచి మరల గుడ్లు పెట్టిస్తుంది, కిందివి చెడిపోతాయి. గనుక మొదటి గుడ్డు కనబడగానే గదిలోని గడ్డి, పీచు తీసివేయండి. సాధారణంగా 4 నుండి 6 గుడ్లు పెడుతుంది. ఆలుమగలు వంతులవారీగా పొదుగుతాయి; రెండు వారాల లోపు పిల్లలవుతాయి, మరి మూడు వారాలకు పిల్లలు గూడు దిగుతాయి. అప్పుడు పాత గడ్డి మొత్తం తీసి కాల్చి, పెట్టెను వేడినీళ్ళతో కడిగి ఎండలో పెట్టిన తరువాతనే కొత్త గడ్డి ఇవ్వండి.