కొమ్మ తుంచితే... కొత్త మొక్క!

చుట్టాలింటికి వెళ్లినప్పుడు కిటికీకి అల్లుకున్న మనీప్లాంట్‌ను చూసి ‘ఒక్క కొమ్మ ఇవ్వవా వదినా’ అని అడగనివాళ్లు అరుదు. ముచ్చటపడి తెచ్చి సీసాలో పెడతాం. ఒకరింట్లో నెల తిరిగేసరికి కొత్త ఆకు వేస్తుంది. మరొకరింట్లో వారానికే కుళ్లిపోతుంది. ‘నా హస్తవాసి అంతే’ అని సరిపెట్టుకుంటాం. నిజానికి తేడా హస్తవాసిలో లేదు... కణుపులో ఉంది!

కణుపే కీలకం

ఆకు కాండాన్ని కలిసేచోట ఉబ్బెత్తుగా ఉండేదే కణుపు. మనీప్లాంట్‌కి వేళ్లు వచ్చేది అక్కడే. కణుపుకి కాస్త కిందుగా, శుభ్రమైన కత్తెరతో కోయాలి. రెండు మూడు కణుపులున్న ముక్క చాలు. కింది కణుపు నీళ్లలో మునగాలి, ఆకులు మాత్రం మునగకూడదు. కణుపు లేని ఒట్టి ఆకు పెడితే వేళ్లు వచ్చినా తీగ సాగదు. నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచితే రెండు మూడు వారాల్లో వేళ్లు కనిపిస్తాయి. అవి రెండంగుళాలు పెరిగాక కుండీలోకి మార్చుకోవచ్చు.

ఒక్కోదానిదీ ఒక్కో తీరు

కోలియస్ కొమ్మ నీళ్లలో తొందరగా వేళ్లూనుతుంది. జేడ్ కొమ్మను మాత్రం కోయగానే నాటకూడదు. మూడు నాలుగు రోజులు నీడలో ఆరనిచ్చి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చాలి. స్నేక్‌ప్లాంట్ ఆకుని మూడంగుళాల ముక్కలు చేసి నాటవచ్చు. అయితే అడుగు వైపు ఏదో గుర్తు పెట్టుకోవాలి, తలకిందులైతే వేళ్లు రావు. ఆకు అంచున పసుపు చార ఉన్న రకమైతే ముక్క నుంచి వచ్చే పిలకలు ఉత్త ఆకుపచ్చగా ఉంటాయి. చార కావాలంటే దుబ్బునే విడదీసి నాటాలి.

సీసాలో దోమలు!

డెంగీని మోసుకొచ్చే దోమ ఇలాంటి నిల్వ నీటిలోనే పెరుగుతుంది. గుడ్డు పది రోజుల్లోపే దోమ కాగలదు. అందుకే వారానికి రెండుసార్లు నీళ్లు మార్చాలి. గుడ్లు సీసా గోడలకు అంటుకుని ఉంటాయి కాబట్టి లోపల రుద్ది కడగాలి. మనీప్లాంట్ ఆకు నమిలితే నోరు మండుతుంది. పసిపిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.

అన్నట్టు, కొమ్మ నుంచి వచ్చేది తల్లిమొక్కకు అచ్చంగా నకలే. పుట్టింటి కుండీలో మొక్క ఎండిపోయినా, దాని కొమ్మ మీ కిటికీలో ఉంటే అమ్మ పెంచిన మొక్క బతికున్నట్టే. ఈసారి వెళ్లినప్పుడు ఓ కొమ్మ అడిగి తెచ్చుకోండి... కణుపు చూసుకుని!